పుస్తకంలో లేని నాలుగంగుళాలు

క్లినిక్కులో నర్సు రెండు కాగితాలిచ్చింది. ఒకటి తండ్రికి, ఒకటి కొడుక్కి. రెంట్లోనూ ప్రశ్నలు ఒకటే. అబ్బాయి సంతోషంగా ఉంటాడా, స్నేహితులున్నారా, బడిలో సిగ్గుపడతాడా, ఇంట్లో సిగ్గుపడతాడా. ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు వేయాలి. "ఒకరిది ఒకరు చూసుకోకూడదు," అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

తండ్రి ఊళ్లో టైలరు. పోయిన వారం పద్నాలుగేళ్ల కొడుకు బడి మెట్లెక్కుతూ ఆయాసపడి కూర్చుండిపోయాడు. డాక్టరుకు చూపించమని హెడ్మాస్టరు కబురు పెట్టాడు. అసలే ఒక్కగానొక్క పిల్లవాడు. లావని వాణ్ని బడిలో ఎవరేమంటున్నారో, ఏ మూల నక్కి ఏడుస్తున్నాడో అని ఈయన మిషను తొక్కినంతసేపూ కుమిలిపోతుంటాడు. సంతోషానికి రెండు వేశాడు. స్నేహితులకు ఒకటి. బడిలో సిగ్గుకు పది. ఇంట్లో సిగ్గేమిటి, అర్థం లేని ప్రశ్న అని సున్నా చుట్టాడు.

పక్కకు చూస్తే వాడు కాలూపుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ రాస్తున్నాడు. పాపం, నా కోసం నవ్వు నటిస్తున్నాడు అనుకున్నాడు తండ్రి. పిల్లలు కన్నవాళ్లకు తెలియకుండా ఏడవగలరు, నిజమే. కానీ కొందరు కన్నవాళ్లు ఏడవని పిల్లల్లో కూడా ఏడుపు వెతికి పట్టుకుంటారు. ఈయన ఆ బాపతు.

డాక్టరమ్మ లోపలికి పిలిచి నడుము కొలిచింది. నలభై ఒకటి. "పాత కొలతలుంటే తెమ్మన్నాను, తెచ్చారా?"

తెచ్చాడు. టైలరై ఉండి కొలతలు తేకపోతే పరువేం కాను. సంచిలోంచి కొట్లో కొలతల పుస్తకం తీసి, కొడుకు పేజీ తిప్పి, బల్లమీద పెట్టాడు.

"ఏడాది కింద ముప్పై నాలుగు. ఆర్నెల్ల కింద ముప్పై అయిదు. మూణ్నెల్ల కింద ముప్పై ఆరు." డాక్టరమ్మ ఆగింది. మొహం మారిపోయింది. వంగి అబ్బాయి కాళ్లు వేలితో నొక్కి చూసింది. "మూణ్నెల్లలో అయిదంగుళాలా? ఇది మామూలు లావు కాదండీ. లోపల నీరు చేరుతోందేమో. ఇవాళే ఆసుపత్రిలో చేర్చండి," అని చీటీ రాయడం మొదలుపెట్టింది. అబ్బాయి కాలూపడం ఆగిపోయింది.

ఆ అంకెలు నిజం కావని టైలరుకు అప్పుడు గుర్తొచ్చింది. అబద్ధం అలవాటైపోతే, ఆడుతున్నట్టు కూడా గుర్తుండదు. కొట్లో టేపు పట్టి అంకె పైకి చెప్పడం ఆయన పని, పుస్తకంలో రాయడం భార్య పని. కొడుకు వంతు వచ్చినప్పుడు మాత్రం నాలుగు తగ్గించి చెబుతాడు. ఆవిడ ఆ తగ్గించిన అంకే రాసి, గుడ్డ కత్తిరించేటప్పుడు నాలుగు కలుపుకుంటుంది. ఏడాదిన్నరగా మొగుడూ పెళ్లాల మధ్య నడుస్తున్న గూడుపుఠాణి ఇది. వాడి మనసు నొచ్చుకోకూడదనే.

ఇప్పుడు చెబితే దాచిందంతా వాడి ఎదుటే బయటపడుతుంది. చెప్పకపోతే వాడికి సూదులు, ఆసుపత్రి మంచం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చీటీ సగం దాకా నిండిపోయింది.

"నలభై అండీ," అన్నాడు కొడుకు. "ముప్పై ఆరు కాదు. నాన్న నాది నాలుగు తగ్గించి చెప్తాడు, అమ్మ తర్వాత కలుపుతుంది. నా ప్యాంటు నేనే కొలుచుకుని చూశా."

డాక్టరమ్మ తండ్రి వైపు చూసింది. ఆయన తలవంచుకుని అవునన్నట్టు ఊపాడు.

"డాక్టరు దగ్గర కూడా తగ్గిస్తారా అండీ?" ఆవిడ చీటీ చింపేసింది. "ఆసుపత్రి అక్కర్లేదు. ఆ ఆయాసం సంగతి ఇక్కడే చూద్దాం." ఊపిరి పీల్చుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. సంతోషానికి కొడుకు ఎనిమిది వేశాడు, స్నేహితులకు తొమ్మిది. "ఇవి రెండూ ఒకే పిల్లాడి గురించేనా?" అని కిందికి చూసి ఆగింది. "బడిలో సిగ్గుకు రెండే వేశావు. ఇంట్లో తొమ్మిదా? ఎందుకు బాబూ?"

వాడు బల్లమీది కొలతల పుస్తకం మూసేశాడు.

"బళ్లో బండోడా అంటారు. నేనూ ఏదో ఒకటి అంటా, అయిపోతుంది. కొట్లో నాన్న అందరి కొలతలూ వీధి చివరికి వినపడేలా చెప్తాడు. బేకరీ ఆయన నడుము యాభై. అదీ గట్టిగానే చెప్తాడు, ఆయనా నవ్వుతాడు. నా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. అంకె ఎంతైనా నాకు పర్లేదండీ. ఆ గొంతు వింటేనే, నాలో ఏదో పైకి చెప్పకూడనిది ఉందనిపిస్తుంది."

ఊరంతా కలిసి తన బిడ్డకు సిగ్గు నేర్పుతోందని ఇన్నాళ్లూ టైలరు ఊరిని తిట్టుకున్నాడు. నేర్పింది తనే. తన ఇంట్లో, తన చేతుల్లో టేపు పెట్టుకుని. కన్నీళ్లు ఆగలేదు. కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇకనుంచి గట్టిగానే చెప్తాను కన్నా," అని గొణిగాడు.

అబ్బాయి తలెత్తి చూశాడు. "ఏంటి నాన్నా? వినపడలేదు."