నిలబెట్టిన నీళ్లు

"కూరలో ఉప్పు చూశావా అసలు?" అంటూ భర్త కంచాన్ని బెత్తెడు ముందుకు తోశాడు.

"చప్పిడి చేత్తో వండితే చప్పగా కాక ఎలా ఉంటుందిరా!" అంది అత్త గడప మీద కూర్చుని. కోడలికి 'చప్పిడి' అనే ఆ పేరు పెట్టింది అత్తే. పెళ్లైన కొత్తలో ఒకసారి సరదాకి అన్న మాట. పదకొండేళ్లు గడిచేసరికి పక్కింటివాళ్లు కూడా "చప్పిడి ఉందా ఇంట్లో?" అని అడిగేదాకా వచ్చింది. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టింది. ఆ పొద్దున అప్పటికే ఆమె ఏడుసార్లు ఉప్పు చూసింది. ఉప్పుకాలువలో రెండుసార్లు, తూము దగ్గర మూడుసార్లు, నారుమడిలో రెండుసార్లు. దోసిట్లో నీళ్లు పట్టి, నాలుక చివర తాకించి, ఉమ్మేసి, మళ్లీ పక్క మడికి వెళ్లడం. అన్నిసార్లు ఉప్పు తాకిన నాలుకకి చిటికెడు పడినా చాలనిపిస్తుంది. ఆ సంగతి చెప్పాలని ఎన్నడూ అనుకోలేదు. చెబితే, "అయితే చేలో ఉప్పు తెలుస్తుంది, కూరలో ఉప్పు తెలీదా?" అంటారు.

వాళ్ల చేను ఇంటి వెనకే, ఎకరంన్నర. చేను దాటితే గట్టు, గట్టు దాటితే ఉప్పుకాలువ. పోటు వచ్చినప్పుడు సముద్రం ఆ కాలువలోకి ఎగదన్నుకొచ్చి గట్టు నడుము దాకా నిలబడుతుంది, ఆటుకి మళ్లీ బురద మిగిల్చి వెళ్లిపోతుంది. గట్టులో ఒక తూము, తూముకి ఒక చెక్క పలక. ఎండాకాలంలో మట్టి మీద ఉప్పు తెల్లగా పూసేది. తొమ్మిది బస్తాలు పండితే అదే గొప్ప. భర్తకి ఐసు ఫ్యాక్టరీలో పని. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. వచ్చి, చెప్పులు విడవకుండా గట్టు మీద ఒకసారి నిలబడి, "బాగానే ఉందే" అనో "బాగాలేదే" అనో అనేసి లోపలికి వచ్చేవాడు. తక్కినదంతా ఆమె పని. దానికి పని అనే పేరు ఉండేది కాదు. ఎవరైనా అడిగితే భర్త, "ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు.

నాలుగేళ్ల కిందట, వానలు మొదలయ్యే రోజుల్లో, ఎండుచేప కడుగుతుంటే ఆమెకి తట్టింది. ఎండుచేప మీద నీళ్లు పోసి వెంటనే వంచేస్తే చేప తడుస్తుందే కానీ ఉప్పు వదలదు. నీళ్లు పోసి, కాసేపు మరిచిపోయి, అప్పుడు వంచెయ్యాలి. మళ్లీ పోసి, మళ్లీ వంచాలి. మూడోసారికి నోట్లో పెట్టుకునేలా అవుతుంది. చేప చేతిలో పట్టుకునే ఆమె లేచి నిలబడింది. చేను కూడా అంతే కదా అనిపించింది. తొలి వానకి చేను నింపి, తూము బిగించి, రోజూ పొద్దునా సాయంత్రం రుచి చూసింది. మొదటి రోజు నీళ్లు చప్పగా ఉన్నాయి. రెండో రోజు కొంచెం ఉప్పనయ్యాయి. మూడో రోజు నాలుక ముడుచుకుపోయింది. మట్టిలో ఉప్పు నీళ్లలోకి దిగింది. బాగా ఆటు మీద ఉన్న వేళ చూసి పలక ఎత్తేసింది. ఎకరంన్నర నీళ్లు బొళబొళమంటూ కాలువలోకి పోయాయి. పోటు తిరిగేలోగా పలక దించేసింది.

అత్త గుండెలు బాదుకుంది. "వాన నీళ్లు సముద్రం పాలు చేసింది! ఆకాశం ఇచ్చింది కూడా నిలుపుకోలేని చెయ్యిరా ఇది!" ఊళ్లో అందరూ వాన నీళ్లని గట్టుకి గట్టు వేసి దాచుకుంటారు. పారబోసేవాళ్లని ఎవరూ ఎరగరు. సాయంత్రం వచ్చిన భర్త, "నిన్ను తూము ముట్టుకోమన్నదెవరే?" అన్నాడు. తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఇంకో వాన పడింది. ఆమె మళ్లీ నింపింది, మళ్లీ వదిలింది. మూడో వాన నీళ్లు మూడో రోజుకీ చప్పగానే ఉంటే అప్పుడు నాట్లు వేయించింది. నాటాక కోత దాకా చేను ఆరనివ్వలేదు, ఆరితే అడుగు ఉప్పు పైకి వస్తుందని. ఆ ఏడు ఇరవై ఒక్క బస్తాలు పండాయి.

కోతలప్పుడు ఎవరో అడిగితే భర్త, "ఏదో, మనకి తోచింది చేశాం" అన్నాడు. ఆ 'మనకి' అన్న మాట ఆమెకి బాగుంది. అందులో ఒక మూల తానూ కూర్చోవచ్చు. మరుసటి ఏడు 'మనం' పోయి 'నేను' వచ్చింది. అప్పుడూ ఆమె పెద్దగా పట్టించుకోలేదు. మాట ఎవరిదైతేనేం, తూము తన చేతిలోనే ఉంది కదా అనుకుంది.

కూరలో ఉప్పు లేదన్న ఆ రోజే, మూడింటికి, విత్తనాల గిడ్డంగిలో మీటింగు పెట్టారు. వ్యవసాయ ఆఫీసరు వచ్చాడు. చౌడు చేలో వరుసగా నాలుగేళ్లు ఇరవై బస్తాలకి తగ్గకుండా పండిస్తున్న రైతు ఎవరో చూడాలని వచ్చాడు. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ చేసింది ఆమె. ఆఫీసరుకీ భర్తకీ కుర్చీలు వేశారు. నలభై మంది మగవాళ్లు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్లు వాకిట్లోనూ కిటికీల దగ్గరా నిలబడ్డారు. టీ పోయడానికి ఆమెనీ, పక్క చేను అక్కనీ పిలిచారు. గది వెనక గోడ దగ్గర ఇద్దరూ గ్లాసులు పేర్చుకున్నారు.

పక్క చేను అక్కకి నిరుడు పంట పోయింది. ఎకరం మొత్తానికి రెండు బస్తాలు. నాట్లు వేసిన పది రోజులకే కొసలు ఎర్రబడి, చేనంతా మంట పెట్టినట్టు మాడిపోయింది. అప్పటి నుంచి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతోంది. వేళ్ల చివర్లు పగిలి, వేడి గ్లాసు పట్టుకోలేక కొంగుతో పట్టుకుంటోంది. అయినా ఆవిడ నోరు ఊరుకోదు. "చూశావా మీ ఆయన్ని! పెళ్లిచూపులకి కూడా ఇంత ఠీవిగా కూర్చుని ఉండడు" అని గుసగుసలాడింది. ఆమెకి నవ్వొచ్చింది.

"మొదటి నుంచీ చెప్పండి," అన్నాడు ఆఫీసరు కలం తీసి. "మీరు చెప్పింది చెప్పినట్టు అచ్చు వేయించి నాలుగూళ్లకి పంచుతాం. వారంలో వాన అంటున్నారు. ఈసారి అందరూ మీలాగే చెయ్యాలి."

"ఏముందండీ, చాలా తేలిక," అన్నాడు భర్త. "వాన పడగానే తూము ఎత్తెయ్యడమే. వాన నీళ్లతో ఉప్పంతా కడుక్కుపోతుంది. అంతే."

ఆఫీసరు రాసుకున్నాడు. నలభై తలలు ఊగాయి.

ఆమె చేతిలో గ్లాసు నిండి, పొంగి, టీ మణికట్టు మీద నుంచి కారింది. కాలుతున్న సంగతి ఆమెకి తెలియలేదు. పొరపాటుగా అన్నాడేమో, ఇప్పుడు దిద్దుకుంటాడు అనుకుంది. నిలబెట్టాలని చెబుతాడు, ఆటు చూడాలని చెబుతాడు. భర్త కాలు మీద కాలు వేసుకున్నాడు. చెప్పాల్సింది చెప్పేసిన మనిషిలా ఉన్నాడు. నాలుగేళ్లు ఆ మనిషి సాయంత్రం గట్టు మీదకి వచ్చి నిలబడ్డాడు. తను నీళ్లు నోట్లో వేసుకోవడం చూశాడు, తూము మీద వంగి ఉండగా చూశాడు, మోకాళ్ల దాకా బురదతో ఇంట్లోకి రావడం చూసి 'ఇల్లంతా పాడు చేస్తావు' అన్నాడు. చూశాడనే ఆమె అనుకుంది ఇన్నాళ్లూ. తన పనిని తన పేరుతో చెప్పుకుంటున్నాడనుకుంది, చెప్పుకోనీ అనుకుంది. కానీ ఆయనకి ఆ పని ఏమిటో తెలియనే తెలియదు. దొంగతనం చేసినా బాగుండేది. దొంగకి ఎత్తుకుపోయే వస్తువు విలువైనా తెలుస్తుంది.

"నిరుడు మీ ఆయన మా ఆయనకీ ఇదే చెప్పాడే," అంది అక్క మెల్లగా, పగిలిన వేళ్లతో గ్లాసు అందుకుంటూ. ఆ గొంతులో నింద లేదు. "చెప్పింది చెప్పినట్టే చేశాం. వాన పడుతుండగానే ఎత్తాను, గొడుగు కూడా లేకుండా పరిగెత్తి. పున్నమి కదా, కాలువంతా పోటు మీద ఉంది. ఏం చేస్తాం? మా చేతికి కలిసిరాలేదు."

ఆమె అక్క వైపు తిరిగి చూసింది. ఏడాది పాటు ఈ మనిషి తన చెయ్యి మంచిది కాదని నమ్ముతూ బతికింది. రోజూ గట్టు మీద తనని పలకరించింది. పోటు నిండుగా ఉండగా పలక ఎత్తితే వాన నీళ్లు బయటికి పోవు, సముద్రం లోపలికి వస్తుంది. ఎవరైనా ఒక్క మాట తనని అడిగి ఉంటే! ఎవరడుగుతారు? తను ఇంట్లోనే ఉంటుంది కదా. 'నేను' అని ఆయన అన్నప్పుడల్లా తను ఊరుకుంది. ఆ ఊరుకోవడం తన ఇంటి సంగతే అనుకుంది. అది గట్టు దాటి పక్క చేలో పడి, ఎకరం పైరుని కాల్చింది. ఇప్పుడు కాగితం ఎక్కి నాలుగూళ్లకి పోతోంది.

ఆఫీసరు తల ఎత్తాడు. ఆయనకీ ఏదో అనుమానం వచ్చినట్టుంది. "వాన పడగానేనా? నీళ్లు కొన్నాళ్లు నిలబెట్టక్కర్లేదా?"

భర్త ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత కుర్చీలోంచే వెనక్కి తిరిగి, స్నానాల గదిలోంచి తువ్వాలు అడిగే గొంతుతో, "ఏమే, ఎన్నాళ్లు నిలబెడతాం?" అన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. "ఇంట్లో అడగాల్సినవి ఇక్కడ అడుగుతావేంటి బావా!" అన్నాడెవరో.

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. మూడు రోజులండీ అనొచ్చు. తువ్వాలు అందించినట్టే అందించొచ్చు. ఆయన దాన్ని భుజాన వేసుకుని ఆఫీసరు వైపు తిరుగుతాడు. కానీ ఆ మాట కూడా సగం అబద్ధమే. ఒక చేనుకి మూడు రోజులు, ఒక చేనుకి ఐదు. రోజులు లెక్కపెడితే తేలేది కాదు. ఆమె కెటిల్ కింద పెట్టింది.

"అది కొట్టెయ్యండి సార్," అంది.

"ఏదమ్మా?"

"ఇప్పటిదాకా రాసింది. వాన పడగానే ఎత్తితే చేను పోతుంది. నిరుడు ఒకళ్లది పోయింది." అక్క వైపు తిరిగింది. "అక్కా, అది నీ చేతి తప్పు కాదు. మా ఇంటి నుంచి వచ్చిన మాటే తప్పు. నేను ఊరుకోవడం తప్పు."

అక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. రెప్ప కూడా వెయ్యలేదు.

"ఏం కూస్తున్నావే? లోపలికి పో!" అన్నాడు భర్త లేచి. అది గిడ్డంగి. ఒకటే గది. దానికి లోపలంటూ ఏమీ లేదు. ఆయనే ఆ సంగతి గమనించి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చున్నాడు.

"మీకెలా తెలుసమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"తూము ఎత్తేది నేనేనండీ."

ఆఫీసరు భర్త వైపు చూశాడు. భర్త తన చొక్కా గుండీల వైపు చూసుకున్నాడు. ఆఫీసరు మెల్లగా, రాసినదంతా అడ్డంగా కొట్టేసి, కొత్త పేజీ తిప్పాడు. "చెప్పండి, రాసుకుంటాను."

"రాస్తే రాదండీ. నీళ్లు నోట్లో వేసుకుని చూడాలి. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆటు. మా తూము దగ్గరికి రమ్మనండి, చూపిస్తాను." ఊపిరి పీల్చుకుంది. "కానీ అందరూ వద్దు. ఎవరింట్లో తూము ఎవరు ఎత్తుతారో వాళ్లే రండి."

ముందు వరుసలో, అందరికంటే పెద్ద చేను ఉన్న ముసలాయన, "మా తూము అయితే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తర్వాత, ఎవరు ఎత్తుతారో కనుక్కోవడానికి, వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ల వైపు తల తిప్పాడు.