ముందు ముక్క

మల్లవ్వ ప్యాకెట్ అంచును వేడి రేకుల మధ్య పెట్టి నొక్కింది, తీసింది, గాలి దూరిందేమోనని బొటనవేలితో ఒత్తి చూసింది. నాచారంలో కోడిమాంసంతో సాసేజ్‌లు చేసే ఆ చిన్న కంపెనీలో ఆమె పని ఇదే. సీలు సరిగ్గా పడని ప్యాకెట్లను సాయంత్రం పనివాళ్లకే చవగ్గా ఇచ్చేస్తారు.

ఆమె ఒకటి సంచిలో వేసుకుంటుంటే పక్క బల్ల దగ్గరి ఉప్పలమ్మ అడిగింది. "ఇయ్యాల గూడ ముందుగాల నీకే తినిపిస్తడా నీ మొగడు? ఇసమున్నదో లేదో కుక్కకేసి సూసినట్టు."

అందరూ నవ్వారు. మల్లవ్వ కూడా నవ్వింది గానీ ఆ మాట గుచ్చుకుంది.

ఆమె భర్త సాంబయ్యకు అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటాడు, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడంటాడు. దారం మిల్లులో దూది దుమ్ము మింగి మింగి ఛాతీ పాడైతే, దవాఖానా మందులు కూడా వాసన చూశాకే మింగేవాడు. పెళ్లయిన కొత్తలో కూరలోంచి మంచి ముక్క ఏరి, అత్త చూస్తుండగానే, "ఏం కలిపినవో ఏమో, ముందుగాల నువ్వు తిను" అన్నాడు. మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తినాలనే ఇల్లది. నలుగురి ముందూ ఆమెకు తల కొట్టేసినట్టయింది. అత్త పోయి ఎన్నేళ్లయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. అంటే తనను ఒక్క పూటైనా నమ్మలేదన్నమాట.

ఈ రాత్రి తినకూడదని షేర్ ఆటోలోనే నిశ్చయించుకుంది. ఉప్పల్ రోడ్డు మెట్రో పనులకు తవ్వేయడంతో ఆటో గల్లీలన్నీ తిరిగింది. ఆమె పంతం గట్టిపడడానికి ఆ దారి సరిపోయింది.

చిల్కానగర్‌లోని ఒంటిగదికి చేరి, ఒక పొయ్యి మీద అన్నం పడేసి, రెండో దాని మీద ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించింది. సాసేజ్‌లను బిళ్లలుగా కోసి వేసి, టమాటా, కారం, అల్లమెల్లిపాయ ముద్ద కలిపింది. అన్నం ఉడికేలోపే కూర అయిపోయింది.

గోడకు ఆనుకుని కూర్చున్న సాంబయ్య పళ్లెంలో ఎముక కోసం వెతికాడు. కొన్నాళ్లుగా జ్వరం అతన్ని విడవడం లేదు.

"బొక్క లేదు. ఏం కూర ఇది?"

"కోడికూరే బావా. మా కంపెనీదే."

"బొక్క లేని కోడి యాడిది?" పెద్ద ముక్క ఏరి ఆమెకు చాపాడు. "ముందుగాల నువ్వు తిను."

"నేను తినను. ఇన్నేండ్ల సంది నేను పెట్టిందే తింటున్నవ్. నమ్మకముంటే తిను, లేకుంటే ఇడిసిపెట్టు."

అతని చెయ్యి అలాగే ఆగింది. కళ్లు ఆమెను దాటి తలుపు వైపు వెళ్లాయి. జ్వరంలో ఏ కాలానికి పోయాడో, గొంతు బాగా తగ్గించాడు.

"మెల్లగ మాట్లాడు, అమ్మ ఇంటది. అనుమానమని పెడితే ఊకుంటది. నీ కోసమని పెడితే పళ్లెం గుంజుకుంటది. తిను పిల్లా, మల్ల నీకు పులుసే మిగుల్తది."

మల్లవ్వకు ఇన్నేళ్లూ తిన్న ముక్కలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చెంబులో నీళ్లు ముంచే నెపంతో లేచి, కొంగుతో కళ్లు తుడుచుకుని వచ్చింది.

"తింట బావా, ఇటియ్యి."

సాంబయ్య తల గోడవారకు ఒరిగి ఉంది. భుజం పట్టి కదిపింది. దగ్గు రాలేదు. ఊపిరీ లేదు.

ఇరుగుపొరుగు చేరాక ఎవరో పళ్లెం తీయబోతే మల్లవ్వ తీయనివ్వలేదు. అన్నం అంచున, ఆమె కూర్చునే వైపున, ఆ పెద్ద ముక్క అలాగే ఉంది.