చెవి అందిన రోజు

నేను ఒక బడిని. అంటే, మొన్నటిదాకా. ఇప్పుడు నా నుదుటన ‘ఊరి చరిత్ర మ్యూజియం’ అని బోర్డు తగిలించారు. బోర్డు మారిస్తే బుద్ధి మారుతుందా? ఎవరైనా చెప్పులు విడిచి లోపలికొస్తే చాలు, ఎక్కాలు వచ్చా అని అడగాలనిపిస్తుంది.

బీడీలు చుట్టుకొని బతికే ఊరు మాది. తలా ఒక రాయి మోసుకొచ్చి, డంగుసున్నం పెట్టి నన్ను కట్టుకున్నారు. అయితే మనుషుల తెలివి చూడండి! పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు కనుక, పిల్లల్ని నా గడప ముందు నిలబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమచెవి ముట్టుకోమనేవారు. అందితే బడి, అందకపోతే ఇల్లు. చదువుకీ చెవికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

అలా ఒక ఏడు మల్లేశం కూతురు గౌరవ్వ కొత్త పలక చంకన పెట్టుకొని మరీ వచ్చింది. చెవి అందలేదు. మెడ వంచింది, పెదవి కొరుక్కుంది, చివరికి మునివేళ్ళ మీద కూడా లేచింది పిచ్చితల్లి. ఊహూఁ.

“వచ్చే ఏడు తోల్కరా మల్లేశం, బడి ఏడికి పోతది?” అన్నారు పెద్దసారు ఆమె తండ్రితో. సారు మంచివాడే పాపం.

ఆ ఏడు తిరక్కుండానే తల్లి పోయింది. గౌరవ్వ ఒళ్లోకి బీడీల చాట, చంకలోకి తమ్ముడు వచ్చారు. వాడికి ఈడు రాగానే తనే తీసుకొచ్చి, తనే వాడి చెయ్యి పట్టి చెవి అందించింది. వాడు లోపలికి పరుగెత్తాడు. ఆమె గడప బయటే ఉండిపోయింది. అప్పటికి ఆమె చెయ్యి చెవిదాకా ఏమిటి, మెడదాకా అందుతుంది. అడిగినవారేరీ? నాకు ఏడుపొచ్చింది. గోడకు చెమ్మ పట్టిందన్నారు జనం.

తర్వాత కొత్త బడి కట్టి నన్ను మూసేశారు. కూలగొడదామన్నారు కూడా. చివరికి ఊళ్ళోని పాత సామాన్లు పెట్టుకోవడానికి పనికొస్తానని వదిలేశారు.

నిన్న గౌరవ్వ వచ్చింది. తల ముగ్గుబుట్టయింది. మ్యూజియంలో పెట్టమని అదే చాట తెచ్చింది. గడప దగ్గర ఆగిపోయింది.

“లోపలికి రా అవ్వా, నీ చేతులతోనే పెట్టు,” అంది మ్యూజియం చూసుకునే శ్రావణి.

“రావొచ్చునా బిడ్డా?”

“గదేందవ్వా, నిన్నెవరు ఆపుతరు?”

గౌరవ్వ చాట కింద పెట్టింది. కుడిచెయ్యి తల మీదుగా తెచ్చింది. భుజం నొప్పికి మొహం ముడుచుకుంది. వేళ్ళు జారాయి. మళ్ళీ ఎత్తి, ఎడమచెవి కమ్మను గట్టిగా పట్టుకుంది.

“అందింది సారూ,” అంది, ఖాళీ గదిలోకి చూస్తూ.

శ్రావణికి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం గుండె నిండిపోయింది. గౌరవ్వ లోపలికొచ్చి, నల్లబల్లకు ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చుంది. చాట గడప బయటే ఉండిపోయింది.