ఆమె పాటకు నేను చెప్పిన అర్థం

ఆ వారం ఆడుతున్నవాటిలో అన్నిటికంటే పొడవైన సినిమా ఏదని ఫోన్‌లో వెతికితే, అల్ ముంతజాలోని ఓ చిన్న హాల్లో జర్మన్ ఒపెరా ఉందని తేలింది. నాలుగు గంటలు. జర్మనీలో ఎక్కడో వేదికమీద పాడి ఆడినదాన్ని మొత్తం కెమెరాతో తీశారట. ఏం తీస్తేనేం, నాకూ చిరంజీవికీ కావలసింది ఆ నాలుగు గంటలే.

మా పెళ్లయి అయిదు నెలలు. నేను విజిట్ వీసామీద ఈ గల్ఫ్ దేశానికి నెలరోజులకు వచ్చాను. ఇక్కడ నజ్మా పేటలో మా ఆడబిడ్డ ప్రమీల వదిన ఇంట్లో, హాలుకు అడ్డంగా కట్టిన పరదా వెనక మా కాపురం. పరదా అవతల ఆమె పిల్లలిద్దరు, వాళ్ల ఎక్కాలు. చిరంజీవి కంపెనీ పనివాళ్ల క్యాంప్ నుంచి గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం సాయంత్రం వెళ్లిపోతాడు.

భాష రాని సినిమాకు అంతసేపు ఎట్ల కూర్చుంటారని వదిన నవ్వింది. చిరంజీవి మాత్రం బస్సెక్కాక, ఇంతకన్నా పెద్దది దొరకలేదా అని చెవిలో అడిగాడు. నాకు సిగ్గు, దానికి రెండింతలు సంతోషం.

ఎల్లుండి నా విమానం. రేపు తను కంపెనీ కాగితంమీద సంతకం పెట్టాలి, ఇంకో రెండేళ్లకు. మా జగిత్యాలలో తన స్నేహితుడు వెల్డింగ్ షాపులో కలుపుకుంటానంటున్నాడు, సంతకం పెట్టొద్దు, వచ్చెయ్ అని చెప్పాలని నెలరోజులుగా అనుకుంటున్నాను. తను సైటు ముచ్చట్లు మురిసిపోతూ చెబుతుంటే నా నోరు పెగల్లేదు.

హాల్లో మొత్తం ఎనిమిది మందిమి. కుర్చీల మధ్య చెయ్యి ఆనించుకునే కమ్మీని పైకి లేపెయ్యొచ్చని నేనే కనిపెట్టాను. లేపేశాను.

కథ చిన్నదే. నదికి ఇవతల ఒక పిల్ల, అవతల కోటలో కొలువు చేసే ఆమె ప్రియుడు. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు గబగబా మారిపోతున్నాయి, చదివి చెప్పమన్నాడు చిరంజీవి. చెవిలో చెబుతూ వచ్చాను. ఒకచోట ఆ పిల్ల ఒకే మాటను పది నిమిషాలు పాడింది. కింద 'ఓ నదీ' అని తప్ప ఇంకేమీ లేదు.

"ఏమంటున్నది?" అన్నాడు.

"కొలువు ఇగ చాలు, వచ్చెయ్యమంటున్నది. ఇంకో రెండేండ్లంటే తనతోని కాదట. పొద్దున లేస్తే పక్కన ఎవ్వరుండరట."

తను తెరవైపే చూస్తూ అడిగాడు.

"జగిత్యాల షాపు సంగతి గూడ రాసిన్రా అండ్ల?"

"రాసిన్రు."

అప్పుడు ప్రియుడు పాట ఎత్తుకున్నాడు. బొజ్జ ఉన్న మనిషి, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. ఈసారి చిరంజీవి నన్ను అడగలేదు. తనే చెప్పాడు.

"చేతిలున్న పని సగంల ఇడిసిపెట్టి రాలేడట. ఒక్క ఏడాదికే పెడ్తడట సంతకం. రెండేండ్లు మాత్రం ఉండడట."

ఏడాది. ఎక్కువో తక్కువో నాకు తెలియలేదు. తెరమీద ప్రియుడు ఎక్కి వస్తున్న పడవ తిరగబడింది. నది అంటే నలుగురు పట్టుకుని ఊపే నీలం గుడ్డే, అయినా తన చెయ్యి పట్టుకున్నాను. ఒడ్డున ఆ పిల్ల ఒక్కతే నిలబడి పాడుతోంది.

"ఇప్పుడేమంటున్నది?"

చూశాను. అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"ఏమంటలేదు," అన్నాను. "ఊకె పాడుతున్నది."