అందరిల్లులో గుండ్రబల్ల

"అందరిల్లు" అనే సంస్థ కింద తొమ్మిది భాషల జనం ఉన్నారు. ఆ జనం తరఫున కమిటీలో తొమ్మిది మంది మెంబర్లున్నారు. ఆ తొమ్మిది మందికీ కలిపి ఒక్కటే జబ్బు: బల్లకి కొసన ఎవరు కూర్చోవాలి? పొడుగు బల్లకి ఉండేవి రెండే కొసలు. ఒక కొసన ప్రెసిడెంటు గారైన పళ్ళ డాక్టరూ, రెండో కొసన సెక్రటరీ అయిన రిటైరు హెడ్మిస్ట్రెసమ్మా కూర్చునేవాళ్ళు. మిగిలిన ఏడుగురూ మీటింగు అయ్యేదాకా మూతులు ముడుచుకునేవాళ్ళు.

ఆ ఏడుగురిలో మన పంక్చరాయన ఒకడు. టైర్ల షాపు నడుపుతాడు కనక జనం పెట్టిన పేరది. కమిటీలో మాత్రం "మెంబరు గారూ" అంటారు. ఆ "గారూ" కోసమే అతను మీటింగు రోజున గోళ్ళలో గ్రీజు గీకి గీకి కడుక్కుని మరీ వెళ్ళేవాడు. పైగా అక్కడ ప్రెసిడెంటు పదవి వంతులవారీగా తిరుగుతుంది. రాబోయే వంతు అతనిదే. చిన్నప్పుడు బడి మానేసినవాడికి హెడ్మిస్ట్రెసు లేచి నమస్కారం పెట్టే రోజు ఎంతో దూరంలో లేదు. ఆ నమస్కారం తల్చుకుంటేనే మనవాడికి నిద్ర పట్టేది.

ఒకనాటి మీటింగులో హెడ్మిస్ట్రెసమ్మ గొంతు సవరించుకుంది.

"గుండ్రబల్ల చేయిద్దాం. దానికి కొసలుండవు. అందరం సమానం."

అందరూ చప్పట్లు కొట్టారు. అయితే మీటింగు గది అగ్గిపెట్టంత. తొమ్మిది మందికి సరిపోయే గుండ్రబల్ల పట్టే గది ఆ భవనంలో ఒక్కటే ఉంది. మధ్యాహ్నం పూట ముసలివాళ్ళు వచ్చి కూర్చునే గది.

"అసలు వాళ్ళక్కడ ఏం చేస్తారండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"మాట్లాడుకుంటారు," అంది హెడ్మిస్ట్రెసమ్మ.

"ఒకళ్ళ భాష ఇంకొకళ్ళకి రాదు కదా!"

"అదే నేనూ అనేది. అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి అంత గది దేనికి?"

పంక్చరాయన వదిన రోజూ వెళ్ళేది ఆ గదికే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. అన్న కూడా పోయాక ఆవిడకి ఇంట్లో గోడలే మిగిలాయి. ఆ గదిలో ఇంకో భాష మాట్లాడే భారీకాయపు ఆవిడ ఒకరు స్నేహమయ్యారు. ఈవిడ మోకాళ్ళ సంగతి చెబుతుంది, ఆవిడ కోడలి సంగతి చెబుతుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇద్దరూ "అవునవును" అన్నట్టు తలలూపుకుని, చేతులు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు.

ఆ మాట చెబుదామని మనవాడు నోరు తెరిచాడు.

"ఏమంటారు కాబోయే ప్రెసిడెంటు గారూ?" అన్నాడు పళ్ళ డాక్టరు.

తెరిచిన నోట్లోంచి "మంచిదే" అన్న మాట వచ్చింది.

ఆ కమిటీలో ఒక ఆనవాయితీ ఉంది. మంచి కబురైతే తొమ్మిది మందీ ఎగబడి చెబుతారు, ఫొటో కూడా దిగుతారు. చేదు కబురైతే మాత్రం ఎవరి జనానికి వాళ్ళే చెప్పుకోవాలి. ఒకరి జనానికి ఇంకొకరు "కాదు, లేదు" అంటే మనసులు గాయపడతాయట. అందుకని ఆ రోజూ "మీవాళ్ళకి మీరే చెప్పుకోండి" అని ఒకళ్ళకొకళ్ళు అప్పజెప్పుకుని లేచారు.

మర్నాడు పంక్చరాయన వెళ్ళేసరికి వదిన ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏరా, ఈ వేళప్పుడొచ్చావు? నీ షాపులో గాలైపోయిందా?"

"లేదు వదినా. ఆ మధ్యాహ్నం గది... సోమవారం నుంచి మూసేస్తున్నారు."

"ఎవరూ?"

"కమిటీ."

"కమిటీ అంటే నువ్వే కదరా?"

"నేనొక్కణ్ణేనా? తొమ్మిది మందిమి."

"అయితే తొమ్మిదో వంతు నువ్వు మూశావన్నమాట."

"అక్కడ బల్ల వేస్తున్నారు వదినా. గుండ్రంగా."

వదిన కత్తి ఆగింది. మళ్ళీ కదిలింది. "సరే," అంది.

తిట్టినా బాగుండేది. ఆ "సరే" మనవాడి వెనకాలే షాపుదాకా వచ్చి కూర్చుంది.

సోమవారం మధ్యాహ్నం కొత్త గదిలో మీటింగుకని పంక్చరాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళేసరికి ఎనిమిది మంది మెంబర్లూ వరండాలో నిలబడి ఉన్నారు. లోపల కొత్త గుండ్రబల్ల అద్దంలా మెరిసిపోతోంది. దాని చుట్టూ ముసలివాళ్ళు ఠీవిగా కూర్చుని, ఎవరి భాషలో వాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

"మీరెవరూ చెప్పలేదా?" అన్నాడు మనవాడు.

"చెబుదామనే వెళ్ళానండీ," అంది హెడ్మిస్ట్రెసమ్మ. "ఎలాగూ మీవాళ్ళు మావాళ్ళకి చెబుతారు కదా అని ఊరుకున్నాను."

"నేనూ అంతే," అన్నాడు పళ్ళ డాక్టరు. "రోజూ కలుసుకునేవాళ్ళు, కబుర్లు చెప్పుకోకుండా ఉంటారా?"

అప్పుడప్పుడు వదినని దింపి వెళ్ళే మనవాణ్ణి చూసి భారీకాయపు ఆవిడ చెయ్యూపింది. పక్క కుర్చీలో తన సంచీ పెట్టి ఆ కుర్చీని ఆపి ఉంచింది. ఆ సంచీ చూపించి, గుమ్మం చూపించి, అరచేయి తిప్పింది. ఏదీ మా మనిషి? అని. దానికి ఏ భాషా అక్కర్లేకపోయింది.

పళ్ళ డాక్టరు అతని భుజం మీద చెయ్యేశాడు.

"మాట నిలబెట్టుకున్నది మీరొక్కరే! మీకు చెయ్యి తిరిగింది. మిగతావాళ్ళకి కూడా మీరే చెప్పెయ్యండి. నేనివాళే తప్పుకుంటాను, ఈ క్షణం నుంచీ మీరే ప్రెసిడెంటు."

హెడ్మిస్ట్రెసమ్మ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. ఆ కమిటీ పదవి విషయంలో అంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

అబద్ధం ఎందుకు, మనవాడు కాలరు సర్దుకున్నాడు. రెండడుగులు లోపలికి కూడా వేశాడు. భారీకాయపు ఆవిడ అతను కూర్చోడానికి వస్తున్నాడనుకుని, కాదు కాదు అన్నట్టు సంచీ మీద చెయ్యేసి గట్టిగా పట్టుకుంది.

అతను వెనక్కి తిరిగాడు.

"ఆనవాయితీ ఉంది కదండీ. మీవాళ్ళకి మీరే చెప్పుకోండి."

"అదేమిటండీ, ప్రెసిడెంటయ్యాక కూడా..."

"అదీ మీ దగ్గరే ఉంచుకోండి. నేను మావాళ్ళకి ఇంకో మాట చెప్పాలి."

అతను గేటు దాటుతుంటే వెనక ఎవరో ఈ సమస్య మీద సబ్‌కమిటీ వేద్దామంటున్నారు. ఇంకెవరో ముందు వరండాలోకి కుర్చీలు తెప్పించమంటున్నారు.

వదిన తలుపు సగమే తీసింది.

"ఈసారేం మూశార్రా?"

"ఏమీ మూయలేదు. పద వదినా. నీ స్నేహితురాలు నీ కుర్చీకి కాపలా కాస్తోంది."

"కమిటీ రమ్మందా?"

"లేదు. నేనే రమ్మంటున్నా."

"మరి నీ ప్రెసిడెంటుగిరీ?"

"పోయింది."

వదిన అతని మొహం ఎగాదిగా చూసింది. "ఆశ ఇంకా పోయినట్టు లేదే."

"పోలేదు," అన్నాడు.

"పోతుందిలే. నా చెప్పులెక్కడున్నాయో చూడు," అంటూ వదిన తాళంచెవి కోసం లోపలికి వెళ్ళింది.