కత్తెరలా అరువిచ్చిన సాఫ్ట్‌వేర్

ఆ సందులో ఉన్నవన్నీ కుట్టు దుకాణాలే. ఒకరి కత్తెర ఒకరి దగ్గర, ఒకరి ఇస్త్రీపెట్టె మరొకరి దగ్గర తిరుగుతూనే ఉంటాయి. పరికరం అడిగితే లేదనడానికి ఎవరికీ నోరు రాదు. మూల దుకాణం అత్తగారికైతే అసలే రాదు. ఆవిడ పెద్ద కత్తెర అలా ఊరేగడానికి వెళ్లి, నిరుటి నుంచి జాడ లేదు.

ఆవిడ కోడలు, కొలతలు ఇస్తే కాగితం మీద కటింగ్ గీతలు గీసిచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అందరూ తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, పెన్‌డ్రైవ్‌లలో కాపీలు కొట్టుకుపోయారు. ఊరంతా వాడింది, కొన్నవాళ్లు మాత్రం దాదాపు లేరు. కోడలు ఉసూరుమంది. అయినా పట్టు వదలక, బ్లాక్‌చెయిన్ పెట్టి మళ్లీ తయారుచేసింది. ఆదివారం సందులోవాళ్లంతా వచ్చి చూసి సరేనంటే సరి. లేదంటే దీనికో దండం పెట్టి ఆఫీసు ఉద్యోగంలో చేరిపోతానంది. ఆ మాట విన్నప్పటి నుంచి అత్తగారికి సూదిలో దారం ఎక్కడం లేదు.

ఆదివారం దుకాణం కిటకిటలాడింది. కుర్చీలు చాలక కొందరు గుడ్డల మూటల మీదే కూర్చున్నారు. సూట్ల మాస్టారు ముందు వరసలో కాలు మీద కాలేసుకున్నాడు.

"ఏ కాపీ ఎవరిదో మనందరి కంప్యూటర్లలోనూ ఒకేలా రాసి ఉంటుంది బాబాయ్," అని మొదలుపెట్టింది కోడలు. "ఒకరు దొంగచాటుగా తమ దాంట్లో దిద్దినా మిగతావి ఒప్పుకోవు. ఆ రాతలో పేరు లేనివాళ్లకి ఇది తెరుచుకోదు."

"తాళం వేసి అమ్ముతావన్నమాట. రేపు పక్కవాడు కాస్త ఇవ్వమంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు మాస్టారు. అందరూ తలలూపారు.

ముందు తెరిచి చూపిద్దామని కోడలు గబగబా అత్తగారి కంప్యూటర్లో మీట నొక్కింది. 'ఈ కాపీ ఇక్కడ లేదు' అని వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

"భేష్! సొంత అత్తగారికే తెరుచుకోలేదే!" మాస్టారి నవ్వుకి కిటికీ అద్దాలు అదిరాయి.

అత్తగారికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఎదురు దుకాణం గుండీల వదిన వచ్చింది. నాటకం వాళ్లకి రాజుగారి కోటు కుట్టాలి, కొత్త సాఫ్ట్‌వేర్ ఓసారి వాడుకుని ఇస్తానంది. పాతదాంట్లోలాగే కాపీ వెళ్తుంది, మనది మనకే ఉంటుందనుకుని, అత్తగారు తన ఫోనులో నొక్కి పంపేసింది.

"అమ్మాయ్... అది ఎదురింట్లో ఉందే."

"ఇచ్చేశారా అత్తయ్యా!"

"అడిగింది కదే! నువ్వు చేసిందేగా, ఇటు లాగెయ్."

"నా వల్ల కాదు. నేను లాగగలిగితే ఇంకెవడైనా లాగగలడు. ఆవిడే తిరిగివ్వాలి."

అత్తగారు గుమ్మంలోకి పరుగెత్తింది. "వదినా! నిన్నటిది ఇలా పంపవే, నా పరువు పోతోంది!"

ఎదురు కిటికీలోంచి గుండీల వదిన తల బయటపెట్టింది. "రాజుగారికి ఇంకా చేతులు రాలేదు. కాసేపాగు!"

దుకాణం గొల్లుమంది. కోడలి కళ్లలో నీళ్లు తిరగబోతున్నాయి. ఇంతలో మాస్టారు మాత్రం నవ్వడం మానేసి ముందుకి వంగాడు.

"అంటే, అరువివ్వొచ్చా దీన్ని?"

"ఇవ్వొచ్చు బాబాయ్. కానీ వాళ్ల చేతిలో ఉన్నంతసేపూ మన చేతిలో ఉండదు."

"మరి ఈ ముక్క ముందే చెప్పొద్దూ! కత్తెర లాంటిదే కదా ఇది. కత్తెరని కాపీ కొట్టేవాడెవడు?" జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. "నీ కొత్తదాన్ని మా బావమరిది చేత ఇందులోకి కాపీ కొట్టించా. పొద్దుట్నించీ తిప్పలు పడ్డా తెరుచుకోలేదు. వాడి చేతగానితనమని తిట్టానే పాపం. నా పేరు రాసుకో తల్లీ, ఒకటి కొంటా."

మాస్టారు కొంటానంటే మిగతావాళ్లు ఆగుతారా! కోడలు ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. అంతలో తెర మీద కటింగ్ గీతలు కనిపించాయి. "రాజుగారికి చేతులొచ్చాయి వదినోయ్!" అని ఎదురింటి కేక.

అత్తగారి ప్రాణం కుదుటపడింది. కోడలి భుజం మీద చెయ్యేసి, తెరలోకి తొంగిచూసింది.

"ఇది ఎవరి దగ్గరుందో ఇంత చక్కగా చెబుతోందే! మరి నా పెద్ద కత్తెర ఎవరి దగ్గరుందో కూడా చెప్పేట్టు చెయ్యవే."

సూట్ల మాస్టారు చటుక్కున లేచి, చెప్పులు వెతుక్కున్నాడు.