దారం కట్టిన వైపు

మైనపు కాగితం ఒక మడత విప్పి, కడ్డీ చివర చూసి, బాబాయి మొహం చిట్లించాడు. ఎర్రదారం లేదు.

"ఇదేమిటి, వదిన దారం కట్టడం మర్చిపోయిందా?" అని పైకే అన్నాడు. వినేవాళ్ళెవరూ లేరు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, ఫ్రిజ్‌లో చల్లబడి బిగుసుకున్న కడ్డీలను బల్ల మీద పరచడం ఆయన పని. తక్కినవాళ్ళు వచ్చేసరికి ఆయన ముందు సగం పళ్ళెం ముక్కలుంటాయి.

కడ్డీ అంటే ఇనుపదనుకునేరు. మట్టిది. మట్టి అన్నా నేలలో తవ్వి తీసినది కాదు. పిల్లలు ఆడుకునే ముద్దలా మెత్తగా ఉండి, పొయ్యిలో కాలిస్తే గట్టిపడే రంగురంగుల పాలిమర్ మట్టి. నడుమ పసుపు ముద్ద పెట్టి, చుట్టూ తెల్ల రేకులు పేర్చి, సందుల్లో ఆకుపచ్చ కూరితే తొడంత లావు దిమ్మ తయారవుతుంది. దాన్ని నొక్కుతూ దొర్లిస్తూ సాగదీస్తూ పోతే సన్నటి కడ్డీ అవుతుంది. లోపలున్న పువ్వు చెదరకుండా తానూ చిన్నదవుతుంది. ఇక ఎక్కడ కోసినా అదే పువ్వు. పలచగా కోసి, కాల్చి, నున్నగా రుద్ది, వెనక పిన్ను అతికిస్తే జనం చొక్కాలకీ సంచులకీ పెట్టుకుని మురిసిపోతారు. ఆ కడ్డీలు కట్టేది వదిన. కోసేది బాబాయి.

వదిన అంటే అన్నగారి భార్య కాదు. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి ఈ వర్క్‌షాపులో చేరారు. "వరస కలపకపోతే రోజంతా ఒకే బల్ల దగ్గర నోళ్ళు కుట్టుకుని కూర్చోవాలి" అని ఆవిడే మొదటిరోజు వరస కలిపింది. మరిదన్నాక ఏడిపించే హక్కు వచ్చింది కదా, ఆ హక్కును ఒక్కపూట కూడా వృథా పోనివ్వలేదు. ఓనరమ్మతో సహా అందరూ ఆయన్ని బాబాయీ అంటారు. వదిన మాత్రం "ఏయ్ నిద్రమొహం" అంటుంది.

అనదూ మరి! భార్య పోయినప్పటి నుంచి ఆయనకు ఇంట్లో నిద్ర పట్టదు. ఉన్న ఒక్క గదిలో మంచం మీద అటు పక్క ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ వైపు తిరిగి పడుకోలేడు, వీపు పెట్టి పడుకోలేడు. అదే వర్క్‌షాపులో భోజనం డబ్బా మూతపెట్టి బ్లేడు పట్టుకోవడం ఆలస్యం, కూర్చున్న చోటే తల వాలిపోతుంది. పొయ్యి హోరు, అమ్మాయిల కబుర్లు, వదిన రూళ్ళకర్ర దొర్లించే చప్పుడు ఇవన్నీ ఉండాలి ఆయనకు. కాసేపటికి వదిన ఆ కర్రతోనే బల్ల మీద ఠక్కున కొట్టేది. "లే, నిద్రమొహం! ఓనరమ్మ వచ్చేస్తోంది!"

ఉలిక్కిపడి లేచేవాడు. చూసుకుంటే చేతిలో ఉండాల్సిన పొడుగాటి బ్లేడు బుద్ధిగా చెక్క ఒరలో ఉండేది. "చూశావా వదినా, నిద్రలో కూడా నా చేతికి తెలివుంది" అని గొప్పలు పోయేవాడు.

"ఆఁ, ఉన్న కాస్తా చేతిలోనే ఉంది" అనేది వదిన.

పోయిన వారం ఆవిడకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. వెళ్ళే ముందురోజు మైనపు కాగితంలో చుట్టిన ఈ కడ్డీని ఆయన అరలో పెట్టింది. "ఆర్డరుది కాదు. తీరిగ్గా కొయ్యి. దారం చూసుకుని కొయ్యి."

"ఏముంది ఇందులో?"

"కోస్తే నీకే తెలుస్తుందిగా. ఎందుకంత తొందర?"

సెలవునాడు ఆసుపత్రికి వెళ్ళాడు. ముక్కు మీద గొట్టం పెట్టుకుని ఆవిడ నిద్రపోతోంది. లేపడానికి మనసొప్పక, పక్కన స్టూలు మీద చాలాసేపు కూర్చుని, చెప్పులు చప్పుడు కాకుండా వచ్చేశాడు. ఈ సాయంత్రం మళ్ళీ వెళ్తున్నాడు. ఉత్త చేతులతో కాకుండా ఈ కడ్డీలోంచి నాలుగు పిన్నులు చేసి పట్టుకెళ్ళి, "ఇదిగో నీ గొప్ప రహస్యం" అని ఆవిడ ఒళ్ళో పోయాలని ఆయన పట్టుదల.

దారం సంగతి ఇదీ. సాగదీసేటప్పుడు కడ్డీ రెండు చివరలా బొమ్మ కాస్త చెదురుతుంది. ఏ వైపు తక్కువ చెదిరిందో కట్టినవాళ్ళకే తెలుసు. ఆ వైపు వదిన ఎర్రదారం చుట్టి ముడేస్తుంది, అక్కణ్ణుంచి మొదలుపెట్టమని. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మర్చిపోలేదు. 'ఒంట్లో బాగాలేదు పాపం, ఏం గుర్తుంటుంది' అనుకుని బాబాయి చేతికందిన వైపే బ్లేడు పెట్టాడు. దుమ్ము అంటుతుందని కాగితం మొత్తం విప్పడు. కోసేకొద్దీ వెనక్కి మడుస్తాడు. ముక్క కోయడం, కడ్డీని పావు చుట్టు తిప్పడం, మళ్ళీ కోయడం. తిప్పకపోతే అడుగు అణిగి బొమ్మ మూతి వంకరపోతుంది.

మొదటి ముక్క నిండా మరకలే. రెండోదీ అంతే. ఎన్ని కోసినా గోధుమరంగూ నలుపూ కలిసిపోయిన బురద. వదిన కడ్డీ ఇంత చెదరడం ఆయనెప్పుడూ చూడలేదు. ఆ తరవాత బురదలోంచి ఒక మొహం తేలింది.

పువ్వు కాదు, పిట్ట కాదు, ఎవరో ముసలాయన మొహం! గొంగళిపురుగుల్లాంటి కనుబొమలు, నెరిసిన మీసం, రెండు చెవుల్లో ఒకటి పెద్దది. కళ్ళు విప్పార్చుకుని, ఎవరో దబ్బున తలుపు తెరిచినట్టు చూస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు బాబాయి. ఎక్కడో చూసిన మొహమే. బస్సు కండక్టరా? ఓనరమ్మ మామగారా? కాదే, ఆయనకు మీసం లేదు. వదిన మొగుడనుకుందామంటే, ఆయన సన్నగా కొవ్వొత్తిలా ఉండేవాడు. ఏం పాలుపోలేదు. పైగా మొహంలో ఏమంత కళ కూడా లేదు. ఇంత శ్రమపడి ఈయన్నెందుకు కట్టినట్టు?

కోసిన ముక్కను కోసినట్టే పళ్ళెంలోకి విసురుతూ పోయాడు. ఏ ముక్కైనా ఒకటే కదా, వరస ఎవరికి కావాలి? పళ్ళెం సగం నిండాక యథాలాపంగా చూస్తే అనుమానం వచ్చింది. ఇందాకటి ముక్కలో కళ్ళు ఇంత చిన్నగా లేవే. అద్దాలు తుడుచుకుని చూశాడు. ఒక ముక్కలో కళ్ళు పెద్దవి, ఇంకోదానిలో సగం మూసి ఉన్నాయి, ఇప్పుడే కోసినదానిలో సన్నటి గీతలు. వదిన చెయ్యి వణికిందన్నమాట. కడ్డీలో బొమ్మ మారిపోవడం నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. ఆవిడకెంత ఒంట్లో బాగాలేకపోతే ఇలా చేసుంటుంది! ఈ సంగతి మాత్రం ఆవిడతో అనకూడదనుకున్నాడు.

చివరి ముక్కల్లో కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. బొటనవేలంత మిగిలింది. చివరి ముక్కను పట్టు దొరకదని ఎవరూ కొయ్యరు, తుక్కుడబ్బాలో వేస్తారు. దాన్ని కాగితంతో సహా బల్ల చివరకు తోసి, పళ్ళెం పొయ్యిలో పెట్టాడు.

ఓనరమ్మ వచ్చి కాలిన ముక్కలు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఇదెవరు బాబాయీ? ఈ మొహాన్ని ఎవరు కొనుక్కుంటారు? పైగా ఒకదానికొకటి పోలికే లేదు."

"అమ్మకానికి కాదమ్మా, వదినకి. సాయంత్రం పట్టుకెళ్దామని."

"సరే, నేను కూడా అడిగానని చెప్పండి. పువ్వుల ఆర్డరు మాత్రం ఆగకూడదు" అంది ఆవిడ.

మధ్యాహ్నం డబ్బా మూతపెట్టి, ఒక్క పువ్వు కడ్డీ కోసి అప్పుడు కునుకు తీద్దామనుకున్నాడు. అనుకోవడం వరకే గుర్తుంది. బొటనవేలు చురుక్కుమంటే లేచాడు. బ్లేడు చేతిలోనే ఉంది. తెల్లరేకుల మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

గాయం పెద్దదేం కాదు. కానీ బాబాయి వేలు నోట్లో పెట్టుకుని ఒరవైపూ బ్లేడువైపూ మార్చిమార్చి చూస్తూ ఉండిపోయాడు. "ఇదేమిటి? నా చెయ్యి ఎప్పుడూ ఇలా చెయ్యదే!"

పిన్నులు అతికించే అమ్మాయి గుడ్డపేలిక పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇద్దరు పిల్లల తల్లయినా అక్కడందరికీ అమ్మాయే. "మీ చేతిదేముంది బాబాయీ! మీ తల వాలగానే పెద్దమ్మ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి బ్లేడు తీసేది. ఇవాళ నేను చూసుకోవాల్సింది, మర్చిపోయాను."

"వదినా? తీసేదా?"

"రోజూ. తీసి ఒరలో పెట్టి, మీ ఎదురుగా కూర్చునేది. ఓనరమ్మ కారు చప్పుడు వినబడేదాకా మిమ్మల్నే చూస్తూ కూర్చునేది. 'పాపం రాత్రుళ్ళు పడుకోడు, కాసేపుండనీ' అని మమ్మల్ని కూడా గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు." వేలికి కట్టు కడుతూ ఆ అమ్మాయి పళ్ళెం వైపు చూసింది. కట్టడం ఆపి మళ్ళీ చూసింది. ఇంక పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో బాబాయీ! ఇది మీరే!"

"నేనా? నేనిలా ఉంటానా?"

"అచ్చుగుద్దినట్టు! ఆ కనుబొమలు చూడండి, ఆ చెవి చూడండి!"

అమ్మాయిలందరూ మూగారు. ఒకరు ముక్కను ఆయన చెంప పక్కన పెట్టి చూపిస్తే మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు. బాబాయి చెవి తడుముకున్నాడు. నిజమే, పెద్దదే. ఇన్నేళ్ళూ అద్దంలో గడ్డమే చూసుకున్నాడు కానీ చెవి ఎప్పుడు చూశాడు?

వాళ్ళు వెళ్ళాక ముక్కలను బల్ల మీద ఆరబోశాడు. అప్పుడు చేతికి తెలిసింది అసలు సంగతి. ఇది వణుకు కాదు. కనురెప్పల మట్టిని ఒక చివర దళసరిగా, ఇంకో చివరకు పోనుపోను పలచగా, మేకులా చెక్కి పెట్టింది. అంత నేర్పుగా కట్టడం ఈ ఊళ్ళో ఇంకెవరివల్లా కాదు. కావాలనే చేసింది. ఆయన కోసిన వరసలో పేర్చాడు. తెరిచిన కళ్ళు, బరువెక్కిన కళ్ళు, సగం కళ్ళు, మూసిన కళ్ళు. నిద్రలోకి జారిపోతున్న ముసలాడు.

నవ్వొచ్చింది, వెంటనే చిన్నబోయాడు. ఇన్నేళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేస్తే ఆవిడకు గుర్తుండిపోయింది ఆయన కునుకేనా? ఎంత మరిదైతే మాత్రం, జబ్బుతో మంచాన పడబోతూ కూడా వెక్కిరింపేనా? వెక్కిరింపైతే అంతసేపు ఎదురుగా కూర్చుని చూడ్డం ఎందుకు? బ్లేడు తియ్యడం ఎందుకు? ఎంత ఆలోచించినా తలా తోకా తెలియలేదు. 'సాయంత్రం అడిగేస్తాను' అనుకున్నాడు. 'లేపి మరీ అడుగుతాను.'

సంచిలో ముక్కలు సర్దబోతుండగా ఓనరమ్మ గదిలోంచి బయటికొచ్చింది. చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. ఎవరివైపూ చూడకుండా వచ్చి, పొయ్యి ఆపేసింది. ఆ హోరు ఆగిపోయాక అందరూ తలెత్తారు.

"పెద్దమ్మ పోయిందట" అంది. "మధ్యాహ్నం. నిద్రలోనే."

అమ్మాయిలు ఏడ్చారు. బాబాయికి మాత్రం ఏడుపు రాలేదు. ఏం చెయ్యాలో తోచలేదు. రోజూ ఈ వేళకు బల్ల తుడుస్తాడు కాబట్టి బల్ల తుడిచాడు. పొడి ఊడ్చాడు. బల్ల చివరనున్న చివరి ముక్కను తుక్కుడబ్బాలో వెయ్యడానికి కాగితంతో సహా తీశాడు. వేళ్ళకు ఏదో బొడిపెలా తగిలింది.

కాగితం విప్పాడు. అటు చివర ఎర్రదారం ఉంది. రెండు చుట్లు చుట్టి, ముడేసి, కొసలు సమంగా కత్తిరించి ఉంది.

"మర్చిపోలేదు" అన్నాడు బాబాయి. మర్చిపోయిందని పొద్దున్నించీ అన్నందుకు ఆవిడకు క్షమాపణ చెప్పుకుంటున్నట్టు మళ్ళీ అన్నాడు. "అమ్మాయీ, మర్చిపోలేదు. నేనే అటుది ఇటు కోశాను."

ముక్కలను మళ్ళీ బల్ల మీద పోసి, ఈసారి దారం వైపు నుంచి పేర్చడం మొదలుపెట్టాడు. ముందు మూసిన కళ్ళు. తరవాత సన్నటి గీతలు. తరవాత సగం కళ్ళు. చివరన, ఎవరో కర్రతో బల్ల మీద ఠక్కున కొడితే ఉలిక్కిపడి కళ్ళు విప్పార్చిన ముసలాడు. అవతలికి బురద, బొమ్మ లేదు.

ఓనరమ్మా, అమ్మాయిలూ ఆయన భుజం మీదుగా చూస్తున్నారు.

"నిద్రపోవడం కాదు" అన్నాడు. "లేపుతోంది. నన్ను లేపుతోంది వదిన." అప్పుడొచ్చింది ఏడుపు. చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు.

కాసేపటికి ఓనరమ్మ, "పదండి బాబాయీ, అందరం వెళ్దాం. కారు తీస్తాను" అంది. బ్లేడు తుడిచాడు. దాన్ని ఒరలో పెట్టబోతూ, వదిన చేసినట్టే తన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకున్నాడు. కళ్ళు తెరిచిన ముక్క ఒకటి చొక్కా జేబులో వేసుకున్నాడు. అమ్మాయి తుక్కుడబ్బా మూత తీసి, బల్ల మీద మిగిలినదాన్ని చూపించి, ఇది వెయ్యనా అని సైగ చేసింది.

"ఉండనీ" అన్నాడు బాబాయి. "కాసేపుండనీ."

లైట్లు ఆరాయి. వదిన కూర్చునే పీటకు ఎదురుగా, ఎర్రదారం చుట్టిన బొటనవేలంత ముక్క, కోసిన వైపు మూసిన కళ్ళతో, బల్ల మీద ఉండిపోయింది.